తిరిగి పంపే ఆఫీసరు

పెద్దమ్మ పోయిందని మా వీధికి ఆలస్యంగా తెలిసింది. దానికి కారణం టీవీ. ఎదురింట్లోంచి ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే ఇంగ్లీషు వార్తలు వినిపించాయి. వార్తలు వినిపిస్తున్నాయంటే పెద్దమ్మ లోపల కుర్చీలో కూర్చుని ఉన్నట్టే మాకు లెక్క. తెల్లారి పాలు పోసే ఆమె పిలిచి పిలిచి లోపలికి వెళ్ళి చూసింది. పెద్దమ్మ కుర్చీలోనే ఉంది, ప్రాణం లేదు. యాంకరు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆమె నాకు చుట్టం కాదు, వీధిలో అందరికీ పెద్దమ్మే. మా ఊరు గురజాలకు దగ్గర. నేను గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మా వాకిలికి ఎదురుగా పక్కపక్కనే రెండిళ్ళు, ఒకటి పెద్దమ్మది, రెండోది ఆమె కూతురిది. కిందటి ఎన్నికల్లో అల్లుడు ఒక పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. పోలింగ్ అయిన సాయంత్రం ఆ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. తెల్లారేసరికి కూతురూ అల్లుడూ పిల్లలూ కృష్ణ దాటి మిర్యాలగూడలో చుట్టాలింటికి వెళ్ళిపోయారు. వస్తే కాళ్ళు విరగ్గొడతామని కబురు కూడా అందింది.

వాళ్ళదొక్కటే కాదు, వీధిలో ఇంకా కొన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మిగిలినవాళ్ళం గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నాం. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడేవాళ్ళం. నాపరాళ్ళ అరుగుల మీద ఎప్పుడూ కూర్చునే మనుషులు లేరు. వీధి చివర పికెట్ పోలీసు కుర్చీ ఒక్కటే ఉండేది. తాళం వేసిన తలుపుల ముందు నుంచి నడుస్తుంటే లోపల ఎవరో ఊపిరి బిగబట్టి మన అడుగులు వింటున్నట్టు అనిపించేది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు, అయినా ఆ వీధిలో గబగబా నడిచేదాన్ని.

కూతురి ఇంటి తాళం పెద్దమ్మ బొడ్లో ఉండేది. రోజూ పొద్దుగూకగానే వెళ్ళి, ఆ ఇంట్లో లైటు వేసి, టీవీ పెట్టి కూర్చునేది. "ఎవరూ లేని ఇంట్లో ఎందుకు పెద్దమ్మా?" అంటే, "చీకటిగా ఉంటే లేరని తెలిసిపోతది. లైటు ఎలిగితే ఉన్నారో లేరో అని అనుమానపడతారు. ఆ అనుమానమే కాపలా" అంది. డ్యూటీకి కొత్తగా వచ్చిన కానిస్టేబులు ఒకరోజు నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు. "మేడమ్, ఆ ఇల్లు ఖాళీ అని చెప్పారు. మరి లోపల ఇంగ్లీషు మాట్లాడేది ఎవరు?"

నవ్వు ఆపుకుని, అది టీవీ అని చెప్పి పంపాను.

ఇంగ్లీషే ఎందుకని నేనూ పెద్దమ్మను అడిగాను. "తెలుగులో ఒక టీవీ ఈ పార్టీ వోళ్ళది, ఇంకో టీవీ ఆ పార్టీ వోళ్ళది. ఇంగ్లీషోడికి మన ఊళ్ళో ఓటు లేదుగా, ఆడు నిజం చెప్తాడు" అంది. ఇంగ్లీషువాళ్ళ మీద అంత నమ్మకం నాకు లేదని చెప్పబోయి ఊరుకున్నాను.

చదువు అంటారా, ఆమెకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. ఇంగ్లీషు చెవితోనే నేర్చుకుంది. అర్థం కాని మాట వినపడగానే ఆ ఇంట్లోంచే, వీధి దాటేలా, తనకు వినపడ్డట్టు అరిచేది. నేను వంటింట్లో ఉన్నా, పిల్లల పేపర్లు దిద్దుతున్నా వరండాలోకి వచ్చి అర్థం అరవాలి. సద్దుమణిగిన వీధిలో మా ఇద్దరి గొంతులే గట్టిగా వినిపించేవి.

"ఏమే, అల్లేజుడంట! అంటే ఏంది?"

"ఆరోపణ పెద్దమ్మా. జరిగిందని అంటున్నారు, రుజువు లేదు అని."

"ఓసి, మన 'అంట'నేగా! కొట్టారంట, తగలబెట్టారంట. దానికింత మాటా?"

నా స్కూల్లో పిల్లలకు ఆ మాట ఇప్పుడు అలాగే చెబుతున్నాను. నిఘంటువు చూసి చెప్పినప్పుడు ఎక్కలేదు, 'అంట' అనగానే ఎక్కింది.

ఒక మాట దగ్గర మాత్రం ఆమెకు కోపం వచ్చింది. పోలింగ్ ప్రశాంతంగా జరిగిందనీ, కొన్ని స్ట్రే ఇన్సిడెంట్స్ మాత్రమే ఉన్నాయనీ యాంకరు అన్నాడు. చెదురుమదురు సంఘటనలని అర్థం చెప్పి, వీధికుక్కను కూడా స్ట్రే అనే అంటారని నోరు జారాను. తర్వాత తనే వీధి దాటి వచ్చి నా గడప ముందు నిలబడింది. "నా బిడ్డ ఇల్లు ఊరకుక్కంటనా?" అంది.

ఇక ఆమె పట్టుకుని వదలని మాట రిటర్నింగ్ ఆఫీసర్.

"రిటర్ను అంటే తిరిగి రావటమేగా? బస్సులో రిటర్ను టిక్కెట్టు లేదూ? అయితే ఎళ్ళిపోయినోళ్ళని తిరిగి పంపే ఆఫీసరు ఉన్నాడు. మనకెవరూ చెప్పలా."

అది కాదు పెద్దమ్మా, ఎన్నిక జరిపించి, గెలిచినవాడి పేరు రాసి పైకి పంపే ఆఫీసరని చెప్పాను. ఆమె చేత్తో నా మాట తోసేసింది. "కాయితాన్ని పంపేవోడు మడుసుల్ని పంపలేడా? పద."

వద్దన్నా వినేరకం కాదు. గురజాలలో ఆఫీసుకు తీసుకెళ్ళాను. గుమాస్తా మంచివాడే, నవ్వలేదు. "ఎలక్షన్ అయిపోయింది గదమ్మా, ఇప్పుడు రిటర్నింగ్ ఆఫీసరు లేరు" అన్నాడు. పెద్దమ్మ అతన్ని చాలాసేపు చూసింది. "మడుసులు ఎళ్ళిపోయేటప్పుడు ఉండి, తిరిగొచ్చే ఏళకి ఆయనే లేకుండా పోయాడా?" అంది. ఆటోలో వస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంది.

ఆ తర్వాత కూడా వార్తలు మానలేదు. ఇంగ్లీషువాడు మా ఊళ్ళ పేర్లు తలవడం ఎప్పుడో మానేశాడు. "మంచిదేగా పెద్దమ్మా, గొడవ లేనట్టేగా" అన్నాను. "మన పేరు చెప్పి, ఆ నార్మల్సీ వచ్చిందని, అంతా మామూలైందని ఆడి నోటితో అనాలి. అప్పుడు పిల్లకి ఫోన్ చేస్తా" అంది. ఆ మాట కోసం రోజూ కూర్చుంది. అలా కూర్చునే పోయింది.

కబురు అందగానే కూతురి కుటుంబం కృష్ణ దాటి వచ్చింది. ఆ రోజు రాళ్ళు విసిరినవాళ్ళ ఇళ్ళ నుంచి ఇద్దరు వచ్చి పాడెకు భుజం పట్టారు. అల్లుడు వాళ్ళను చూశాడు, వాళ్ళు నేల చూశారు. పెద్దకర్మ అయిపోయాక కూతురు సామాను కట్టలేదు. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ ఎవరూ అనలేదు. మర్నాడు ఆ వాకిట్లో ముగ్గు కనపడింది. గురజాల ఆఫీసులో లేని ఆ తిరిగి పంపే ఆఫీసరు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. వరండాలో నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు తాళం పడింది పెద్దమ్మ ఇంటికి. పొద్దుగూకగానే కూతురు వెళ్ళి ఆ ఇంట్లో లైటు వేసి, టీవీ పెట్టి వచ్చేస్తోంది. ఎందుకని నేను అడగలేదు. ఇంగ్లీషులో ఎన్నికలు జరుగుతూనే ఉంటాయి, ఎక్కడో ఒక రాష్ట్రంలో. నిన్న గిన్నెలు కడుగుతుంటే ఆ ఖాళీ ఇంట్లోంచి టర్నౌట్ అన్న మాట వినపడింది. అది పెద్దమ్మ ఎప్పుడూ అడగని మాట. చేతులు తుడుచుకోకుండానే వరండాలోకి వచ్చేశాను. ఎదురుగా లైటు వెలుగుతోంది, తలుపుకు తాళం ఉంది. పిలుపు కోసం కాసేపు చూశాను.

"ఎంతమంది వచ్చారో చెప్పడం పెద్దమ్మా," అని వీధి దాటేలా అరిచాను. "వచ్చినవాళ్ళ లెక్క."