పోతురాజు మీద కోళ్ళగంప

ఈ ఉదయం వన్ టౌన్‌లో ఎండు రొయ్యల వాసన తగలగానే భవానీపురంలో మా పాత వంటిల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ ఉండేవి కదా, సొట్టలు పడ్డ సత్తు పళ్ళేలు? మా మూడు పిల్లులకీ వాటిలోనే అన్నం పెట్టేవాళ్ళం. తినేది మాత్రం పోతురాజొక్కడే. వీధిలో ఆకలికి మాడి మా ఇల్లు చేరిన ఆ గండుపిల్లి, తనది మింగేసి మిగతా రెండింటినీ తరిమేవాడు. ఒకరోజు ఏకంగా నాన్న కంచంలోంచే చేపముక్క లాక్కుపోయాడు.

"రేపు వీణ్ణి గోనెసంచిలో వేసి ఏటవతల వదిలేసొస్తా," అన్నారు నాన్న.

"ఒక్క వారం ఆగండి నాన్నా!" అని ఏడ్చాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ పూట నుంచి అన్నం పెట్టినప్పుడల్లా పోతురాజునీ, వాడి పళ్ళేన్నీ కోళ్ళగంప కింద పెట్టి, గంప మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని. లోపల వాడెంత గుర్రుమన్నా తియ్యలేదు. బయట మిగతా రెండూ నెమ్మదిగా, కడుపునిండా తినేవి.

వారం తిరిగింది. గంప వెయ్యకుండానే మూడు పళ్ళేలూ పెట్టాను. పోతురాజు తనది తిని, పక్క పళ్ళెం వంక ఒకసారి చూసి, మూతి నాక్కుంటూ ఎండలోకి వెళ్ళి పడుకున్నాడు.

"గెలిచావే తల్లీ! వీణ్ణెక్కడికీ పంపన్లే," అన్నారు నాన్న.

ఆ మాట వీధిలో ఇంటింటికీ పరిగెత్తి చెప్పొచ్చాను.