పెనిమిటి పేరడిగే నర్సమ్మ

ఇప్పుడు ఆసుపత్రిలో చేరిన ప్రతి మనిషికీ మణికట్టుకు ఒక ప్లాస్టిక్ పట్టీ కడుతున్నారు. దాని మీద పేరు, వయసు, నంబరు, ఏ మందు పడదో అదీ, అంతా అచ్చేసి ఉంటుంది. మేము ఉద్యోగాల్లో చేరిన ఆ తొంభైల రోజుల్లో హోసూరులో ఆడవాళ్ల మణికట్టుకు ఉండేవి రెండే, గాజులూ, మంత్రించిన దారాలూ. మంచంలో ఉన్నది ఎవరో తెలుసుకోవాలంటే నోరు తెరిచి అడగడం ఒక్కటే దారి. అలా అడిగి అడిగి నేను పోగొట్టుకున్న పరువు ఇంతా అంతా కాదు. పోయిన పరువు ఒకే ఒక్క పొద్దున మొత్తంగా తిరిగొచ్చింది. ఆ పొద్దున గురించి చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ కొంచెం మెడ నిక్కుతుంది, మీరు క్షమించాలి.

మాది కల్లావి, తమిళనాడులో మా తెలుగువాళ్లుండే వైపు. కృష్ణగిరిలో నర్సింగు చదివి, హోసూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మా అమ్మకు ఈ ఉద్యోగం బొత్తిగా ఇష్టం లేదు. నేను ఎప్పుడు పెట్టె సర్దుకుని వస్తానా, ఎప్పుడు మా మేనమామకు కట్టబెడదామా అని ఆమె కాచుకుని ఉండేది (ఆ మేనమామ అప్పటికి మీసం సరిగ్గా రానివాడు, నేనంటే భయపడేవాడు). ఆసుపత్రిలో మా పైన ఒక పెద్ద సిస్టరు ఉండేది. మలయాళం మనిషి, మాతో తమిళం మాట్లాడేది, కోపం వస్తే మాత్రం మూడు భాషలూ కలిపేది. మందు ఇచ్చే ముందు అయిదు చూసుకోవాలని ఆమె మొదటిరోజే మా చేతివేళ్ల మీద నేర్పింది. సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటికా, సూదికా అన్నది), సరైన వేళ, ఇవి నాలుగు వేళ్లు. బొటనవేలు సరైన మనిషి. బొటనవేలు లేని చెయ్యి దేన్నీ పట్టుకోలేదు, మనిషి తప్పితే మిగతా నాలుగూ ఒప్పయినా ఒకటే, కాకున్నా ఒకటే అనేది. నేను ఈ పాఠాన్ని ఎంత భక్తిగా పట్టుకున్నానంటే, ప్రతి మంచం దగ్గరా నిలబడి నిజంగానే చెయ్యి చాచి వేళ్లు మడిచేదాన్ని. ఒక ముసలావిడ నేను జాతకం చూడమంటున్నాననుకుని నా చెయ్యి పట్టుకుని, పెండ్లి గీత కాస్త వంకరగా ఉందని బాధపడింది.

మా ఆడవాళ్ల వార్డులో పేరు ఒక్కటే అడిగితే చాలదు. ఎప్పుడు చూసినా సగంమంది మునెమ్మలు, మిగతా సగం వెంకటమ్మలు. అందుకని పేరు తర్వాత ఇంటాయన పేరు కూడా అడగాలని పెద్ద సిస్టరు నియమం. మలయాళం మనిషి కాబట్టి ఆమె ఆ నియమం పెట్టగలిగింది కానీ, మా వైపు ఆడవాళ్లు ప్రాణం పోయినా కట్టుకున్నవాడి పేరు నోటితో చెప్పరు. చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఒక నమ్మకం, అన్నిటికీ మించి సిగ్గు. అడిగితే పొడుపుకథ వేసేవాళ్లు. ఏడుకొండలాయన పేరు అని ఒకామె అంటే వెంకటప్ప అని నేను అర్థం చేసుకోవాలి. లంక తగలబెట్టినాయన అంటే హనుమంతప్ప. రాముని తమ్ముడి పేరని ఒకామె చెప్పి ఊరుకుంటే, ఏ తమ్ముడమ్మా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, అడివికి పోయినోడు అంది. మాత్ర ఇచ్చి వెళ్లిపోవాల్సిన చోట నేను రామాయణం అంతా తిరిగొచ్చేదాన్ని.

ఇలా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడుగుతుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? ఒక దుకాణదారు తల్లి నేరుగా డాక్టరు దగ్గర పంచాయితీ పెట్టింది. "పొద్దున చెప్పినాను, మద్యానం చెప్పినాను, మళ్లా వచ్చి నీ పేరేందంటాది. ఆ పిల్లకే మతిమరుపుండాది డాక్టరప్పా, ముందర దానికి మందియ్యి" అంది. వార్డంతా నవ్వింది. డాక్టరు (ఆసుపత్రి ఆయనదే) నన్ను మగవాళ్ల వార్డుకు మార్చేశాడు. అక్కడ తండ్రి పేరు అడిగితే చాలు, టకటకా చెప్పేవాళ్లు, నాకేమో ఆ పని చప్పగా అనిపించేది. కొన్నాళ్లకు ఆడవాళ్ల వార్డు సిస్టరు ఒకామె సెలవు పెట్టడంతో నన్ను మళ్లీ అక్కడికే వేశారు. ఆ పొద్దున డ్యూటీలోకి వెళ్లే ముందు డాక్టరు నన్ను పిలిచి, రాత్రి శూలగిరి వైపు రోజాతోటల వాళ్లమ్మ చేరిందనీ, చాలా పెద్ద కుటుంబమనీ చెప్పాడు. పేరు అడిగితే అడగమన్నాడు, మొగుడి పేరు మాత్రం అడగవద్దన్నాడు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మధ్యాహ్నం కల్లావి బస్సు ఎక్కడమే అని కూడా అన్నాడు. బస్సు దిగేచోట చేటంత ముఖంతో నిలబడిన మా అమ్మ నా కళ్ల ముందు కదిలింది.

రాత్రి డ్యూటీ సిస్టరు మా గదిలో కూచుని అప్పగింతలు చెప్పింది. మూడో మంచం, గౌరమ్మ, రోజాతోట వాళ్లమ్మ, టిఫిను ముందర షుగరు సూది. ఎదుటి వరసలో ఒక మునెమ్మ, జ్వరం, వాంతులు, గంజి కూడా నిలవడం లేదు. నేను ఇద్దరినీ అంతకుముందు చూసినదాన్ని కాదు. సీసా చూసుకున్నాను, మోతాదు చూసుకున్నాను, దారి, వేళ, నాలుగు వేళ్లు మడిచి, సూది ట్రేలో పెట్టుకుని మూడో మంచం దగ్గరికి వెళ్లాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుని ఒక బక్కపలచటి మనిషి పడుకుని ఉంది. తోటలున్న మనిషి ఇంత సాదాగా ఉందేమిటా అనుకున్నాను గానీ, ఆస్తి మొహం మీద రాసి ఉండదు కదా. పేరేందమ్మా అని అడిగాను. ఆమె ఒకసారి ఎదుటి వరసకేసి చూసి, గౌరమ్మ అంది.

పేరు సరిపోయింది. డాక్టరు చెప్పిన ప్రకారం అక్కడితో సూది వేసి వచ్చేయవచ్చు. కానీ నా బొటనవేలు ఇంకా సగమే మడిచి ఉంది. అడిగితే ఉద్యోగం పోతుంది. అడగకపోతే పోయేదేమీ కనబడటం లేదు, అయినా చెయ్యి ముందుకు పోవడం లేదు. పెద్ద సిస్టరు మీద భయమో, నా మొండితనమో, రెండూనో. తలుపు వైపు ఒకసారి చూసి, డాక్టరు లేడని నిశ్చయించుకుని, ఆమె చెవి దగ్గరికి వంగి రహస్యం అడిగినట్టు మొగుడి పేరు అడిగాను.

"మీ యజమాని పేరేందమ్మా?"

"చెన్నప్పన్న" అంది ఆమె, వక్కపలుకు ఉమ్మినంత సులువుగా.

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ వార్డులో అన్ని నెలలుగా నేను ఎంతమంది కాళ్లూ గడ్డాలూ పట్టుకున్నా ఒక్కరంటే ఒక్కరు మొగుడి పేరు చెప్పలేదు. ఈమె అడిగీ అడగకముందే చెప్పింది. చెప్పడమే కాదు, చివర అన్న అని గౌరవం కూడా తగిలించింది. మా ప్రాంతంలో మొగుడి పేరు చెప్పే ఆడది ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు గానీ, మొగుణ్ణి అన్నా అనే ఆడది మాత్రం భూమ్మీద లేదు. ఈమె ఎవరైనా కావచ్చు, ఆ చెన్నప్ప భార్య కాదు.

"ఏమ్మా, కట్టుకున్నోడిని అన్న అంటివే?" అన్నాను.

ఆమె నాలుక కరుచుకుంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని, "నా నోరు పడిపోను. ఆయప్ప నాకు అన్న వరస. మా గొర్రెల మంద వాళ్ల చేలల్లోనే గదమ్మా కట్టేది" అంది. "నేను మునెమ్మను. గౌరమ్మక్క ఆ పక్క పండుకోనుండాది."

సూది ట్రేలో పెట్టేసి మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. గంజి కూడా నిలవని కడుపు ఆమెది. ఆ మందు పడి ఉంటే ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా దిగిపోయి, మేము ఇడ్లీలు పంచుతుండగానే ఆమెకు స్పృహ తప్పేది. నిద్రపోతోందనుకుని మేము పలకరించకుండా వెళ్లేవాళ్లం. తర్వాత ఏమయ్యేదో నేను అప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడూ ఆలోచించను. ఆ భయంతోపాటే, లోపల ఎక్కడో, ఆగింది నా చెయ్యే అన్న ఒక సంతోషం కూడా మొదలైంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

జరిగింది మునెమ్మే చెప్పింది. గౌరమ్మను చేర్చింది రాత్రిపూట, దిక్కులు తెలియలేదు. తెల్లవారి కిటికీలోంచి ఎండ పడేసరికి, తను రాత్రంతా ఉత్తరానికి తల పెట్టుకుని పడుకున్నానని ఆమెకు అర్థమైంది. మా వైపు ఉత్తరానికి తల పెట్టేది పీనుగకే. లేచి కూచుని అటూ ఇటూ చూసింది. ఎదుటి వరసలో దక్షిణానికి తల పెట్టుకుని, తమ చేలలో గొర్రెల మంద నిలిపే మునెమ్మ కనబడింది. అప్పటికప్పుడు మంచాలు మార్చుకున్నారు. నర్సులు అరుస్తారు, ఎవరైనా అడిగితే నా పేరే చెప్పు, డాక్టరు వచ్చాక నేను చూసుకుంటాను అని గౌరమ్మ ధైర్యం చెప్పిందట. మరి నీకు ఉత్తరం పట్టింపు లేదా అని మునెమ్మను అడిగితే, "మందలో పండుకునేటోళ్లకు దిక్కులేందమ్మా, గొర్రెలు యాడ పండుకుంటే ఆడనే తల" అంది.

ఈలోగా డాక్టరు వచ్చాడు. మూడో మంచం దగ్గర నన్నూ, ట్రేలో వేయని సూదినీ, దుప్పట్లో ముఖం దాచుకున్న మనిషినీ చూసి, మళ్లీ అడిగావా అన్నాడు. అడిగాను సార్ అన్నాను. బస్సు ఎన్ని గంటలకో లెక్కవేసుకుంటూనే జరిగిందంతా చెప్పాను. ఎదుటి మంచంలో దక్షిణానికి తల పెట్టుకుని హాయిగా గుర్రుపెడుతున్న గౌరమ్మను లేపారు. ఆమె లేచి కూచుంది, భారీ మనిషి, తోటలు నిజంగానే ఆ ముఖంలో ఉన్నాయి. అంతా విన్నది. మునెమ్మ వైపు చూసింది, ట్రేలో సూది వైపు చూసింది. ముఖంలో రంగు పోయింది.

"నా సూది దానికి పడుండేదా?" అంది మెల్లగా. తర్వాత డాక్టరుతో, "ఈ పాపను అడగనీ డాక్టరప్పా. దినానికి పదిసార్లన్నా అడగనీ. నేను చెప్తాను" అంది.

డాక్టరు నా వైపు తిరిగాడు. మరి ఇప్పుడు అడుగు అన్నాడు. నేను కొత్త సూది సిద్ధం చేసుకుని, చెయ్యి చాచి నాలుగు వేళ్లు మడిచి, పేరు అడిగాను. గౌరమ్మ అంది. యజమాని పేరు అడిగాను. ఇప్పుడే వార్డంతా వినేలా మాటిచ్చిన ఆ పెద్దావిడ, మనవళ్లను ఎత్తిన ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. "బేలూరులో ఉండే సామి పేరు. దాంట్లో ముందర సగం చాలు" అంది గోడతో. చెన్నకేశవుడు అని డాక్టరు బడిపిల్లవాడిలా నాకంటే ముందే చెప్పేశాడు. నాకు ఆ జవాబు కూడా అక్కర్లేకపోయింది. ఆ సిగ్గు చూశాక ఈమే చెన్నప్ప భార్య అని నా బొటనవేలు దానంతట అదే ముడుచుకుంది. సూది వేశాను.

ఆ మధ్యాహ్నమే మంచాలన్నీ జరిపించి, ఎవరి తలా ఉత్తరానికి రాకుండా వేయించారు. ఆ రెండో ప్రశ్న అడగకుండా ఎవరూ సూది ఎత్తకూడదని డాక్టరు మగవాళ్ల వార్డుదాకా వినబడేలా చెప్పాడు. పెద్ద సిస్టరు నన్ను మెచ్చుకోలేదు (ఆమెకు అలవాటు లేదు), తన టిఫిను డబ్బాలోంచి పుట్టు, అదే వాళ్ల బియ్యప్పిండి వంటకం, సగం నాకు పెట్టింది. గౌరమ్మ ఇంటికి వెళ్లాక చాలాకాలం తోటనుంచి రోజాలు పంపేది, ముళ్లు తీయకుండా. మునెమ్మ మాత్రం నన్ను ఊరూరా ప్రసిద్ధి చేసింది. కుందారపల్లి దాకా మందలు తిరిగిన చోటల్లా ఆమె చెప్పిన మాట తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది: "ఆడ ఒక నర్సమ్మ ఉండాది, మొగుని పేరడుగుతాది. చెప్తే పట్టుకుంటాది, చెప్పకుంటే సూదేస్తాది." ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం నాకు తర్వాత ఏ కాలేజీ ఇవ్వలేదు.

మా అమ్మ కోరిక ఆమె అనుకున్నంత తొందరగా తీరలేదు గానీ, చివరికి తీరింది. మీసం వచ్చాక మా మేనమామనే చేసుకున్నాను. తర్వాత కృష్ణగిరిలో నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నాను. ఏటా కొత్త బ్యాచికి బొటనవేలి పాఠం చెప్పి, మునెమ్మ కథ చెప్పేదాన్ని. మొగుడి పేరు చెప్పలేని ఆడవాళ్ల మీద నేను వేసే జోకులకు క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వేది. రెండువేలు దాటి కొన్నేళ్లయ్యాక కడుపులో రాళ్లకు ఆపరేషనని నేనే మంచమెక్కాను. చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. నా దగ్గర చదివిన పిల్లే సూది పట్టుకుని వచ్చి, పట్టీ చూసి, నా పేరు అడిగింది. చెప్పాను. మీ ఆయన పేరు మేడం అంది. పట్టీ మీద నా పేరూ నంబరూ ఉన్నాయి కదమ్మా అన్నాను. "పట్టీ కూడా తారుమారు కావచ్చు మేడం, మీరే చెప్పినారు. చెప్పేదాకా వెయ్యను" అంది, చెయ్యి చాచి, బొటనవేలు ఒక్కటే నిలబెట్టి.

తలుపు దగ్గర మా మామ ఫ్లాస్కు పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. చెబుదామనే నోరు తెరిచాను. నాకు చదువుంది, ఉద్యోగముంది, ఈ సిగ్గు గురించి ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. అయినా ఆ పేరు గొంతు దాటి రాలేదు. కొంగు కూడా లేదు, ఆసుపత్రి గౌను. చేసేది లేక గోడవైపు తిరిగి, ఏడుకొండలాయన పేరమ్మా అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. పక్కనున్న జూనియరుకు పట్టీ చూపించి, "మేడమే, అనుమానం లేదు" అని మెల్లగా చెప్పి సూది వేసింది. నొప్పి పుట్టింది గానీ, గోడకు తప్ప ఎవరికీ కనబడకుండా నేను చాలాసేపు నవ్వుకుంటూనే ఉన్నాను.