లోడు రైలు కొండెక్కిన సంచిక

మా పత్రిక పేరు ‘ఇనుపకొండ ఐదుగురు’. అందులో వీరులు మాత్రం ఆరుగురు. ఆరో వీరుడు మూడో ఏడాదిలో వచ్చి చేరాడు. అప్పటికే అట్టమీది పేరు ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో పక్కాగా రాసేసి ఉంది. దాన్ని మార్చడానికి మా నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. ఆయన గనుల కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. బయటికెళ్ళిన డ్రాయింగును బ్లేడుతో గీకి దిద్దడమంటే ఆయనకు ఒళ్ళు మంట. అలా చివరిదాకా పేరులో ఐదుగురు, లోపల ఆరుగురు ఉండిపోయారు. ఎవరైనా ఎత్తిచూపితే నేను పోట్లాటకు దిగేదాన్ని.

పత్రిక మొదలైనప్పుడు మేం ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఏడో తరగతి చదువుతున్నాం. మేం అంటే నేనూ, నా స్నేహితురాలూ. వాళ్ళ నాన్న గూడ్సు రైలు గార్డు. వాళ్ళది విజయనగరం వైపు. మాది కంపెనీ క్వార్టరు, వాళ్ళది పట్టాల అవతల రైల్వే క్వార్టరు. తను కథ చెప్పేది, నేను బొమ్మలు వేసేదాన్ని. నాకు కథ అల్లడం బొత్తిగా చేతకాదు. తను కోడిని గీస్తే అది కుర్చీలా ఉండేది. ఒకరు లేకపోతే ఇంకొకరం ఎందుకూ పనికిరాం అని ఇద్దరికీ తెలుసు. అందుకే రోజూ పోట్లాడుకున్నా రోజూ కలుసుకునేవాళ్ళం.

ట్రేసింగ్ షీట్ల అంచులు కత్తిరించగా మిగిలిన ముక్కలు నాన్న ఇంటికి తెచ్చేవారు. నేను వాటి మీద బొమ్మలు వేస్తే, ఆఫీసులో పని తెమిలాక అక్కడి పెద్దాయన అనుమతితో అమ్మోనియా మెషిన్‌లో పెట్టి నాలుగు ప్రింట్లు తీసిచ్చేవారు. ఆ కాగితం మొహం దగ్గర పెట్టుకుంటే ముక్కు అదిరిపోయేది, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మా కథ చదివి జనం ఏడుస్తున్నారని నా స్నేహితురాలు కోతలు కోసేది. సగం ఏడుపు అమ్మోనియాదే.

నాన్న పెట్టిన షరతు ఒకటుంది. డ్రాయింగ్ అన్నాక దిక్కు ఉండాలన్నారు. మ్యాపులో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉన్నట్టు, మా బొమ్మల్లో ఎడమ పక్కన ఎప్పుడూ కొండ, కుడి పక్కన సముద్రం. ఎడమ నుంచి కుడికి నడిచే మనిషి కిందికి దిగుతున్నట్టు, కుడి నుంచి ఎడమకి నడిచే మనిషి పైకి వస్తున్నట్టు. పాఠకులు కూడా దీనికి అలవాటు పడిపోయారు. పేజీలో కొండ కనిపించకపోయినా, ఎవరు ఎటు వెళ్తున్నారో చిటికెలో చెప్పేసేవారు.

అసలు పాఠకులంటే రన్నింగ్ రూమ్ వాళ్ళే. సముద్రం వైపు నుంచి కొండలెక్కి వచ్చే లైనుకు చివరి స్టేషన్ మాదే. ఎంప్టీ, అంటే ఖాళీ రైలు, పైకి తెచ్చిన డ్రైవర్లు, గార్డులు అందులో ఇనుప రాయి నింపి కిందికి పోయే లోడు తయారయ్యేదాకా విశ్రాంతి తీసుకునే చోటు అది. నాలుగు ప్రింట్లలో ఒకటి అక్కడ భోజనాల బల్ల మీద ఉండేది. ఇక మా వీరుల సంగతి: గనిలో డంపర్ లారీ నడిపే అక్క అరిస్తే దొర్లే బండలు నిలబడిపోయేవి. గోండు తాత నేలకు చెవి ఆనించి నాలుగు కోసుల అవతలి అడుగులు వినేవాడు. నర్సమ్మ కావాలనుకున్నప్పుడు మాయమయ్యేది. టిక్కెట్ లేని పెద్దమనిషి ఒకేసారి రెండు స్టేషన్లలో ఉండేవాడు. వంటావిడ పొయ్యి ఎంత వానకీ ఆరేది కాదు. ఇదీ మా జట్టు. ‘‘అందరూ ఉన్నారు గానీ మా రైల్వేవోడు ఒక్కడూ లేడేటి?’’ అని గార్డులు అలిగి కూర్చుంటే ఆరో వీరుడు పుట్టాడు. ఆయన ఎర్రజెండా చూపిస్తే కాలం ఆగేది, పచ్చజెండా ఊపితే మళ్ళీ నడిచేది. ఆ సంచిక వచ్చాక రన్నింగ్ రూమ్‌లో నాకు జరిగిన మర్యాద పెళ్ళికూతురికి కూడా జరగదు.

తర్వాత ఒక ఎండాకాలంలో నా స్నేహితురాలి నాన్నకు కొత్తవలసకు బదిలీ అయింది. లైనుకు మేం ఈ కొస, అది ఆ కొస. తను పోతే కథ పోతుంది, కథ పోతే పత్రిక పోతుంది, పత్రిక పోతే మా ఇద్దరి మధ్య ఏం మిగులుతుందో నాకు తెలియలేదు. తను మాత్రం ఏడవలేదు. ‘‘ఏటే అలా చూస్తావు? కథ కింద నుంచి ఎంప్టీలో పంపుతాను, బొమ్మలు నువ్వు లోడులో పంపు’’ అంది, ఏదో పక్కింటికి గిన్నె పంపుతున్నట్టు.

నిజంగానే అలా జరిగింది. గార్డులు తమ పెట్టెల్లో మా కవర్లు పెట్టుకునేవారు. కొరాపుట్‌లో మనిషి మారేవాడు, అరకులో మళ్ళీ మారేవాడు, కవరు మాత్రం చేతులు మారుతూ సాగిపోయేది. దారిలో ప్రతివాడూ విప్పి చదివేవాడు. మూడు రన్నింగ్ రూములకు మా పత్రిక పాకింది. బదిలీ మమ్మల్ని ముంచుతుందనుకుంటే పాఠకులను పెంచిపెట్టింది.

ఆ ఏడు వానాకాలానికి ముందు తను పెద్ద కథ మొదలుపెట్టింది. మూడు భాగాలు. ఒంట్లో ఏమీ లేని గుల్లమనిషి ఒకడు, ఆకలితో మా కొండనంతా తవ్వి రైలుకెక్కించేస్తాడు. మొదటి భాగంలో ఊరు లేచేసరికి కొండ ఉండదు. రెండో భాగం చివరి పేజీలో మాట ఒక్కటీ లేదు. కొండంతా నింపుకున్న రైలు సొరంగాల మధ్య నుంచి సముద్రం వైపు పోతూ ఉంటుంది, అంతే. ఆ ఒక్క పేజీకి నేను వారం కష్టపడ్డాను. మూడో భాగం తర్వాతి ఎంప్టీలో రావాలి.

రాలేదు. ఘాట్‌లో కొండచరియలు విరిగి పట్టాల మీద పడ్డాయి. లైను మూసేశారు. మా రన్నింగ్ రూమ్‌లో తొమ్మిదిమంది డ్రైవర్లు, గార్డులు చిక్కుకుపోయారు. బయట వాన, లోపల పేకముక్కలు, బల్ల మీద మా రెండో భాగం. అప్పుడే ఒక గార్డు చివరి పేజీ మీద వేలు పెట్టి పగలబడి నవ్వాడు.

‘‘ఓలమ్మ! ఏటమ్మా ఇది? లోడు కొండెక్కుతోందేటి!’’

చూశాను. నిజమే. ఎడమ నుంచి కుడికి పోవాల్సిన రైలు కుడి నుంచి ఎడమకి పోతోంది. నిండు వ్యాగన్లతో సముద్రం వైపు నుంచి కొండ వైపు ఎక్కుతోంది. ట్రేసింగ్‌ను మెషిన్‌లో బోర్లా పెట్టి ప్రింటు తీశారు. అక్షరాలుంటే తిరగబడి కనిపించేవి, వెంటనే తెలిసిపోయేది. ఆ పేజీలో అక్షరమే లేదు. లోడు పైకెళ్ళడం ఆ లైను మీద ఎవరూ చూడలేదు, చూడబోరు. తొమ్మిదిమందీ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగాక ఒక డ్రైవరు కాస్త జాలిగానే అన్నాడు: ‘‘ఆ పాప ఎల్లిపోయినాక ఇంక ఇదెక్కడ నడుస్తాదిలే.’’ నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి నాన్న ముందు కాగితం పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి వెలుతురుకు పట్టి చూశారు. ఆ రోజు పెద్దాయన తొందరపెట్టారని, చూసుకోకుండా పెట్టేశానని అన్నారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క ప్రింటు బోర్లా తీయని మనిషి, నా పత్రిక దగ్గర తీశారు. ఆయన మొహం చూస్తే నాకు కోపం కూడా రాలేదు.

‘‘రద్దు ముద్ర కొట్టి వెనక్కి తెప్పించు. రేపు సరైంది తీసిస్తాను’’ అన్నారు. వాళ్ళ ఆఫీసులో తప్పు డ్రాయింగుకు చేసే మర్యాద అదే.

మర్నాడు ఆ కాగితం వెనక్కి తీసుకోవడానికి మొహం మాడ్చుకుని రన్నింగ్ రూమ్‌కి వెళ్ళాను. అక్కడ వంటింట్లో పనిచేసే పెద్దమ్మ దాన్ని చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. కోంటా పక్క పల్లె ఆమెది. ఇంట్లో దోర్లీ, బజారులో హిందీ, మాతో మాత్రం తెలుగు మాట్లాడేది. చదువు రాదు గానీ, మా పత్రిక ప్రతి సంచికలోనూ బొమ్మలు చూసే కథంతా చెప్పేసేది. కాగితం ఇమ్మంటే ఇవ్వలేదు.

‘‘ఎందుకు బిడ్డా?’’

‘‘తప్పు పడింది పెద్దమ్మా. రైలు అటు పోకూడదు.’’

‘‘ఏంది తప్పు? మంచిగనే పోతాంది గద. కొండ ఇంటికొస్తాంది.’’

ఆమె ఆ పేజీని తప్పని అనుకోనే లేదు. కొండను ఎవరో ఎత్తుకుపోయారు, ఎవరో తెచ్చి ఇస్తున్నారు. ఆమెకు కథ అక్కడే అర్థమైపోయింది. ‘‘ఎవలు తెస్తున్నరో అది జెప్పు ముందు’’ అని నన్ను కసిరి, కాగితం తన కొంగులో చుట్టేసుకుంది.

ఎవరు తెస్తున్నారో నాకు తెలియదు. కథ నాకు చేతకాదు కదా. కానీ ఆ మాటతో నాలో ఏదో కదిలింది. ఇంటికి పరిగెత్తి, రద్దు లేదని నాన్నతో చెప్పేశాను. ‘‘బయటికెళ్ళిన డ్రాయింగును దిద్దకూడదని మీరేగా అన్నారు’’ అన్నాను. ఆయన నా వైపు అనుమానంగా చూసి, బీరువాలోంచి కొత్త ట్రేసింగ్ షీటు తీసిచ్చారు. ముక్క కాదు, పూర్తి షీటు. తన సొంత డబ్బుతో కొనుక్కున్నది.

ఆ వారం నేను రన్నింగ్ రూమ్‌లోనే కూర్చున్నాను. కొండను కింద నుంచి పైకి తేవాలంటే దారిలో ప్రతి స్టేషన్ దాటాలి. నాకు ఆ స్టేషన్లు తెలియవు. నవ్విన తొమ్మిదిమందినే అడిగాను. ఒకాయన తన స్టేషన్‌లో ఇంజను చూసి మొరిగే కుక్క గురించి చెప్పాడు. ఇంకొకాయన సొరంగంలో చలికి వణుకుతూ తాగే టీ గురించి చెప్పాడు. లోడును ఘాట్ ఎక్కించాలంటే ఎన్ని ఇంజన్లు కావాలో ఇద్దరు డ్రైవర్లు కొట్టుకున్నంత పని చేశారు. మొన్న నడవదన్నవాడే ‘‘నా స్టేషన్ ఇడిచీసేవేటి?’’ అని నా మీద గొంతు పెంచాడు. నాకు మహా సంతోషమైంది.

అలా తయారైంది మూడో భాగం. గోండు తాత నేలకు చెవి పెట్టి కొండ ఎక్కడ మూలుగుతోందో వింటాడు. డంపర్ అక్క అరుపుకు రైలు నిలబడుతుంది. గార్డు ఎర్రజెండాతో కాలం ఆగితే, ప్రతి స్టేషన్ జనం వచ్చి రైలును భుజాలతో పైకి నెడతారు. వంటావిడ గుల్లమనిషికి కడుపునిండా అన్నం పెడుతుంది. వాడు గుల్లగా ఉండటం మానేసి తనూ ఒక చెయ్యి వేస్తాడు. కొండను తెచ్చి పెడతారు గానీ, తొందరలో కాస్త పక్కకు పెడతారు. అది చూసి నాన్న గట్టిగా నవ్వారు. ‘‘అయితే మ్యాపులన్నీ మళ్ళీ గీయాలి. మా ఆఫీసుకు పదేళ్ళు పని దొరికింది’’ అన్నారు.

ఆ సంచికను పెద్దమ్మకు నేనే చదివి వినిపించాను. తొమ్మిదిమందీ చుట్టూ చేరారు. తన స్టేషన్ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కడూ ఈల వేశాడు. చివర్లో పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ పూట నేను కొండంత పొంగిపోయాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

లైను తెరిచారు. మొదటి ఎంప్టీలోనే ఆలస్యమైన కవరు వచ్చింది. నా స్నేహితురాలు రాసిన అసలు మూడో భాగం. అందులో రైలు సముద్రం చేరిపోతుంది. ఆరుగురూ ఓడిపోయి, తమ శక్తులు వాగులో వదిలేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. కింద పెద్ద అక్షరాలతో ‘సమాప్తం’ అని రాసింది. ఉత్తరం లేదు, ఒక్క మాట లేదు.

తను ముగించింది, నేను తనను అడక్కుండా బతికించాను. ఆ రెండింటిలో ఏది పెద్ద తప్పో తెలియలేదు. దాచేద్దామనుకున్నాను గానీ, దాచే వీలెక్కడిది? ఆ తొమ్మిదిమందీ అప్పటికే కిందికి దిగుతూ, కొండ తిరిగొచ్చిందని లైనంతా చెప్పేస్తున్నారు. నా మూడో భాగం ఒక ప్రింటు కవర్లో పెట్టి లోడులో పంపేశాను. తర్వాత వచ్చిన ప్రతి ఎంప్టీకీ స్టేషన్‌కి వెళ్ళాను. గార్డులు ఏమీ రాలేదన్నట్టు చేతులు తిప్పేవారు. ఆరోసారి వెళ్తే ఒకాయన దూరం నుంచే కవరు ఊపుతూ కనిపించాడు. అప్పటికే విప్పి చదివేశాడని ఆయన నవ్వు చూస్తేనే తెలిసింది.

‘‘దొంగమొహమా, కథ రాయడం ఎప్పుడు నేర్చేవే? మా నాన్న తనే చదివి, మళ్ళీ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. నీకు అక్కడ కొత్త ఫ్రెండు దొరికీసుంటాదని, నాను కథ పంపుతుంటే మొహమాటానికి బొమ్మలేస్తన్నావనీ అనుకున్నాను. నువ్వు ఆపీక ముందే నానే ఆపీడం నయమని ఆపీసేను. అది రాసినప్పుడు ఎంత ఏడిచేనో నీకు తెలీదు. సమాప్తం అని రాసిన కాయితం నీ కాడే ఉంది కదా. దాని ఎనకాల ఖాళీయే. నాలుగో భాగం అక్కడ మొదలెట్టు.’’

ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఈసారి అమ్మోనియా మీద నెపం పెట్టడానికి కూడా లేదు. ఇంటికెళ్ళి ఆ కాగితం తిరగేసి మొదటి గడి గీశాను. ఆ తర్వాత ఏడేళ్ళు మేం ఆపలేదు.