మావ పట్టిన గొలుసు

మా మావ పోయాడు. మా అమ్మకి అన్న, పెళ్లయ్యాక నాకు మావగారు కూడా. మొన్న ఆదివారం జ్వరం తగ్గినట్టే తగ్గి, నిద్రలోనే వెళ్లిపోయాడు. శ్రీకూర్మం పోయే దారిలో, గోగునార గోదాం గేటు దగ్గర ఖాకీ చొక్కాతో నిలబడే సన్నపాటి మనిషిని మీలో కొందరు చూసే ఉంటారు. ఆయనే.

మావ పిరికివాడు. నింద వెయ్యడం లేదు, ఆయనే ఒప్పుకునేవాడు. "బయమున్నోడే కాపలాకి పనికొస్తాడే. బయం నేనోడు ఎవుడ్నో ఒకడ్ని సంపీగలడు" అనేవాడు. లాఠీని గోడకి చేరేసి, ఉత్త చేతులతో తిరిగేవాడు.

కొండల దిక్కు షావుకార్ల మీద గొడవలు మొదలయ్యాక కలిగినవాళ్లందరికీ కునుకు కరువైంది. మా షావుకారు గోదాం చుట్టూ గోడ లేపాడు. ఎక్కడినుంచో దూడంత కుక్కని తెప్పించాడు. గోడ దాటి ఎవరొచ్చినా దాన్ని మీదికి వదిలెయ్యమన్నాడు. ఆ పూట మావకి అన్నం సహించలేదు. పోలీసు టేసనుకి నడిచివెళ్లి హెడ్డుగారిని అడిగొచ్చాడు.

"ఏటన్నారు?" అంది అత్త.

"దొంగైతే పట్టుకో, మాకప్పజెప్పు అన్నారు. అంతకి మించి దెబ్బడితే నువ్వే ముద్దాయివన్నారు. కుక్క కరిసినా నాను కరిసినట్టేనట."

అత్త నవ్వింది. మావ నవ్వలేదు.

మా వైపు నార ఒలిచినవాళ్లదే పుల్ల. గోదాం వెనక మడుగులో నార ఒలిచి, పుల్లల్ని పక్క దొడ్లో ఎండేసి, ఎండాక పొయ్యిలోకి తెచ్చుకోవడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఇప్పుడా దొడ్డి గోడ లోపలికి పోయింది. అయినా మా పుల్లలకి మమ్మల్నెవరు అడుగుతారని, అత్తా నేనూ మరి కొందరు ఆడవాళ్లం పొద్దున్నే వెనక తలుపు తోసుకుని వెళ్లాం. ఒకర్ని అడగాలన్న ఊహే మాకు రాలేదు.

గుర్రుమన్న చప్పుడు ముందు విన్నాను. తర్వాత మావ పట్టుకున్న గొలుసు చివర కుక్క పళ్లు చూశాను. పుల్లల కట్ట జారిపడింది. మేడ మీంచి షావుకారు కేకేశాడు: "కుక్కనొగ్గీరా!"

మేం తలుపు వైపు తిరిగాం. కానీ అత్త పాదం కొంకిలా వంగిన కట్టెలో ఇరుక్కుంది. నేను అత్తని లాగుతున్నాను. వెనక్కి చూస్తే మావ గొలుసుని ఎడంచేతికి చుట్టుకుంటున్నాడు. కుక్క ఆయన్ని దొడ్డి పొడుగునా ఈడ్చింది. ఆయన వదల్లేదు. అది వెనక్కి తిరిగి ఆ చెయ్యే కొరికింది.

"బాబూ, ఆళ్లు ఎల్లిపోతన్నారు! పోతన్నోళ్ల మీద కుక్కనొగ్గకూడదు బాబూ!" అని మావ ఏడుస్తూ అరిచాడు. నా గోడ నా ఇష్టమన్నాడు షావుకారు.

"గోడ మీదే బాబూ. పేణాలు మీయి కావు."

ఆ మాట అంటూ మావ గజగజా వణికిపోయాడు. ఆ వణుకు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

తర్వాత చాన్నాళ్లు మా ఇంట్లో అందరం బిక్కచచ్చి బతికాం. కుక్కకాటుకి బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకుంటూనే మావ రోజూ పోయి కుక్కని చూసొచ్చేవాడు. అదెక్కడ పిచ్చెత్తి చస్తుందోనని, దానికి తన చేత్తోనే గంజన్నం పెట్టేవాడు. "అది బాగుంటేనే నాను బాగున్నట్టు" అనేవాడు. షావుకారు ఆయన్ని తీసేద్దామనుకున్నాడు గానీ, ఆ కుక్క మావని తప్ప ఇంకెవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకే ఉంచాడు. పుల్లల్ని మాత్రం గోడ బయట పడేయించడం మొదలెట్టాడు.

ఆదివారం మా వీధి ఆడవాళ్లందరూ ఒక్కో గుప్పెడు గోగుపుల్లలు తెచ్చారు. మావ చితి మీద వెయ్యడానికని వాకిట్లో పేరుస్తున్నారు. అప్పుడు గోదాం వైపు నుంచి కుక్క మొరిగింది. అందరి చేతులూ ఆగిపోయాయి. అత్త చాప మీద పడుకోబెట్టిన మావ ఎడంచెయ్యి అందుకుని, గొలుసు మచ్చ మీద తన అరచెయ్యి వేసింది. కుక్క మొరుగుతూనే ఉంది. దాన్ని ఇక పట్టేవాళ్లెవరూ లేరు.