హాల్లో మిరపకాయ

నల్లపాడులో మేం కొన్న ఇంటి హాల్లో, నేల మీద, మనిషి పొడవుని మించిన ఎర్ర మిరపకాయ ఉంది. రంగు వేసింది కాదు, అంటించింది కాదు. తెల్ల మొజాయిక్‌లో ఎర్ర రాళ్లు పొదిగి, చుట్టూ నల్ల అంచు కట్టి, పచ్చటి తొడిమ పెట్టి మరీ వేయించారు. మాకు ఇల్లమ్మిన పెద్దాయన మిర్చి వ్యాపారి. అన్నం పెట్టిన సరుకు కళ్లెదుటే ఉండాలనుకున్నాడట. అంతటితో ఆగాడా? స్తంభాలకి చిలకపచ్చ, వంటింటి తలుపుకి భగభగలాడే ఎరుపు. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే మా ఆయన నా చెవిలో, "ఇది ఇల్లా, మిర్చి యార్డా? కొన్నా సరే, ముందీ నేల పగలగొట్టించాల్సిందే" అన్నాడు.

నేను బదులిచ్చేలోపే అత్తగారు నడిచారు.

ఆవిడ కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పి అప్పటికి చాలా కాలమైంది. ముదురు రంగులు కంటికి ఆనతాయి, లేతవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గుంటూరులో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో నేల తెలుపు, గోడలు తెలుపు, ఆఖరికి తలుపులు కూడా తెలుపే. మిరపకోతల రోజుల్లో కూలీలందరికీ ఒంటిచేత్తో వండి పొలానికి పంపిన మనిషికి, ఆ ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లకి కూడా ఎవరినో ఒకరిని పిలవాల్సి వచ్చేది. పిలవడం ఇష్టం లేక దాహం ఓర్చుకునేవారు.

అలాంటి మనిషి ఆ రోజు నా చెయ్యి వదిలేసి, గుమ్మం దగ్గరి తొడిమ మీద అడుగుపెట్టి, మిరపకాయ వంపు వెంబడే తిరిగి, కొన దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న ఎర్ర తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. లోపల్నించి, "అమ్మాయ్, పొయ్యిగట్టు నా ఎత్తుకి సరిపోయిందే!" అని కేకేశారు. ఎన్నాళ్లకి విన్నానో ఆ కేక! పగిలితే నా తల పగలాలి గానీ ఈ నేల పగలడానికి వీల్లేదని అక్కడే తీర్మానించుకున్నాను.

చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, తెలిసినవాళ్లందరూ సలహాలిచ్చారు. పైన టైల్స్ పరిపించమని ఒకరు, పెద్ద సోఫా వేసి కప్పెయ్యమని ఒకరు. ఒక్కటీ చెవికెక్కించుకోలేదు. సోఫాలు గోడలకి ఆనించాను. టీపాయ్ పెరట్లోకి పంపించాను. మిరపకాయకి పోటీ రాకుండా కిటికీలకి లేత గోధుమరంగు మంగళగిరి నూలు కర్టెన్లు కట్టాను. పొయ్యిగట్టు అంచుకి, ప్రతి స్విచ్‌బోర్డు చుట్టూ తలుపు ఎరుపే వేయించాను. అత్తగారి గది తలుపుకి తొడిమ పచ్చ. మా ఆయన చూసి చూసి, "నన్ను కూడా ఎర్రచొక్కా వేసుకోమంటావా?" అన్నాడు.

"వేసుకోండి. అప్పుడైనా మీ అమ్మకి కనపడతారు" అన్నాను. ఆయన మళ్లీ నేల ఊసెత్తలేదు.

తాడేపల్లి నుంచి వదిన వచ్చింది, మా ఆయన అక్క. హాల్లోకి అడుగుపెట్టి నోరు నొక్కుకుంది. "మిరపకాయలు దిష్టి తీసి నిప్పుల్లో పోసేవమ్మా! హాల్లో పరుచుకుని తొక్కుతారా ఎవరైనా?"

"ఒసే, అంత మిరపకాయ కాపలా ఉంటే ఇక ఇంటికి దిష్టెట్లా తగులుద్దే?" అన్నారు అత్తగారు. ఆ ఊపులోనే అసలు మాట బయటపెట్టారు. "గృహప్రవేశానికి పాలు నేనే పొంగిస్తా. గుమ్మంలోంచి పొయ్యిదాకా గిన్నె నేనే పట్టుకెళ్తా. ఎవరూ నా చెయ్యి పట్టుకోవద్దు."

పాలు పొంగించడం మా వైపు ఆడపడుచు హక్కు, దానికి పట్టుచీర కూడా పెడతారు. వదిన బాధ చీర గురించి కాదు. "పాలు ఒలికితే అశుభం. పదిమందిలో అమ్మ పడితే?" అని నన్ను పక్కకి లాగింది.

"పడరు వదినా" అన్నాను. రంగుల పని జరుగుతున్నన్నాళ్లూ అత్తగారు గిన్నెతో నీళ్లు పట్టుకుని ఆ మిరపకాయ మీద అటూ ఇటూ నడవడం నేను చూశాను. మొదట్లో చీరంతా తడిసేది, తర్వాత్తర్వాత చుక్క కూడా ఒలికేది కాదు.

తెల్లవారుజామున ముహూర్తం. దేవుడి పటంతో మామగారు, కొబ్బరికాయతో మా ఆయన, వెనక పాలగిన్నెతో అత్తగారు. కుడికాలు గడప దాటించారు. ఆగిపోయారు. పాదం ముందుకి చాపి నేలని తడుముతున్నారు. నేను తొంగిచూశాను. హాలు నిండా లేత గోధుమరంగు తివాచీ! నా కర్టెన్లకి నప్పేదే చూసి, బహుమతిగా తెచ్చి, మేం బయట ఉండగా వదిన పరిచేసింది.

గిన్నెలో పాలు అంచుదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. నేను చెయ్యందించబోయాను.

"ముట్టుకోమాకు" అన్నారు. "నా మిరపకాయేదే?"

వదిన మొహం పాలిపోయింది. "మా ఇంట్లోనూ ఇంతేనా అమ్మా? కుర్చీలోంచి లేచేదానివి కాదు, వయసు మీదపడిందనుకున్నా" అంది.

"నీ ఇంట్లో నాకు గోడేదో గుమ్మమేదో తెలీలేదే" అన్నారు అత్తగారు.

వదిన పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేల మీద మోకాళ్లేసింది. సాయం వెళ్తే నన్ను తోసేసింది. తివాచీని తనే చుట్టుకుంటూ పోయింది. తొడిమ బయటపడింది, తర్వాత ఎరుపు, చివరికి కొన.

అత్తగారు నడిచారు. చుక్క ఒలకలేదు. పాలు పొంగి పొయ్యంతా పారాయి. మా ఇంట్లో అంత గట్టిగా ఏడ్చింది, అంత గట్టిగా నవ్వింది వదినే. పట్టుచీర కూడా తనకే పెట్టాం.

తివాచీ వెనక్కి పట్టుకెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఫోన్ చేసింది.

"మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు. మా గుమ్మంలోంచి వంటింటిదాకా ఎర్ర రాళ్లు పొదిగించాలి. మీ మిరపకాయ ఫోటో పంపించు" అంది. "అమ్మకి చెప్పు, ఈసారి వస్తే మా ఇంట్లో కాఫీ తనే పెట్టుకోవాలి."