నేల మీద పడుకోబెట్టినందుకు

క్యాజువాలిటీలో నర్సుని. ఊళ్ళో అందరికీ సెలైన్లు ఎక్కిస్తాను గానీ, మా ఇంట్లో నా మాట పూచికపుల్లంత కూడా చెల్లదు. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ ముగించుకొని వ్యాసర్పాడిలో మా ఇంటికొస్తే, మా అత్త వాకిట్లోనే నవ్వుమొహంతో నిలబడి ఉండాది.

"నీ మొగుడికి జ్వరం దిగిపోయిందమ్మే! ఒళ్ళు సల్లంగా ఉంటే తలకు పోసేసినా."

నా ఒళ్ళు మండిపోయింది. డెంగ్యూలో జ్వరం దిగినప్పుడే అసలు గండం, కనిపెట్టుకొని ఉండండని పొద్దున చిలక్కి చెప్పినట్టు చెప్పి పోతినే! లోపలికి పరిగెత్తినా. మా ఆయన తడి జుట్టుతో కుర్చీలో తల వాల్చేసి ఉండాడు. చేతులు చల్లగా, జిగటగా ఉన్నాయి. నాడి దొరికినట్టే దొరికి జారిపోతా ఉంది. షాక్! రక్తపోటు పడిపోతా ఉంటే మనిషిని కూర్చోబెడతారా ఎవరైనా?

లోపలి గదిలో మంచం దాకా మోసే తీరిక లేదు. ఆడనే నేల మీదికి దించి పడుకోబెట్టినా.

"అయ్యయ్యో! పోయేవాళ్ళని కదా నేలకు దించేది! నా బిడ్డ బతికే ఉండాడు!" అని మా అత్త ఆయన చంకల కింద చేతులేసి పైకి లాగింది. నేను కిందికి, ఆమె పైకి. ఏం ఖర్మరా దేవుడా ఇది!

"లేపినావంటే నిజంగానే పోతాడత్తా! కాళ్ళెత్తి పట్టుకో!" అని అరిచేసినా. పెళ్ళయినాక ఆమె మీద గొంతు లేపింది అదే మొదలు.

ఆమె కాళ్ళు పట్టుకొనింది. నేను ఆంబులెన్స్‌కి ఫోన్ చేసినా. "తల్లి చేత కొడుకు కాళ్ళు పట్టిస్తివే పాపిష్టిదానా" అని ఏడుస్తానే, అది వచ్చేదాకా వదల్లేదు; మాతోనే ఎక్కి వచ్చింది.

ఆస్పత్రిలో రెండు చేతులకీ సెలైన్ పెట్టినారు. నాడి కొంచెం నిలిచింది. "మూత్రం వస్తే గండం గడిచినట్టే" అనింది డాక్టరమ్మ. ఆ మాట నేనెంతమందికి చెప్పి ఉంటానో. నా దాకా వస్తే, సెలైన్ చుక్కలు లెక్కపెడతా ఆయన మంచం పక్కనే నిలబడిపోయినా.

చీకటి పడే వేళకి ఆయన కళ్ళు తెరిచి, సిగ్గుపడతా నన్ను దగ్గరికి పిలిచినాడు.

"ఒంటికి వస్తా ఉంది. ఈడెట్లా పోయేది?"

మంచం కింది బెడ్‌పాన్ పట్టుకొని భోరుమన్నా. వార్డంతా తిరిగి చూసింది.

"ఇంట్లో నా మీద అట్లా అరిచి, ఇప్పుడెందుకే ఏడుస్తావు?" అనింది మా అత్త, కొంగుతో నా ముక్కు తుడుస్తా.