మా ఆయన జైలుకెళ్ళలేదు

మా ఆయన జక్రయ్య జైలుకెళ్ళలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది గానీ మా ఊరికి చెవికెక్కలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో మన సైన్యంలో సిపాయిగా పోరాడుతూ పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డాడు. ఏడాది పాటు వాళ్ళ శిబిరంలో ఉంచి, తర్వాత సరిహద్దు దాటించి పంపేశారు. అలాంటివాణ్ణి యుద్ధఖైదీ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ వాడి నోట్లో పచ్చిమిరపకాయ పెట్టాలి. మా ఊళ్ళో యుద్ధం ఎప్పుడో రాలిపోయింది, ఖైదీ ఒక్కటే మిగిలింది.

పెళ్ళిచూపులప్పుడు మా మేనమామ కూడా, ఏం దొంగతనం చేశాడంట అని నా చెవిలో అడిగాడు. రేషన్ షాపు దగ్గరైనా, మిరపకాయలకి తొడిమలు తీసే చోటైనా నేను ఖైదీ జక్రయ్య పెళ్ళాన్నే.

ఆయనకి కోపం రాదు. అదే నాకు మంట. పత్తి చేలో మందు కొట్టడం ఆపి మరీ, ఎవడు అడిగితే వాడికి ఓపిగ్గా చెబుతాడు. యుద్ధంలో పోరాడటం సిపాయికి నేరం కాదట. అందుకని పట్టుకున్నవాళ్ళు శిక్ష వెయ్యకూడదట, కొట్టకూడదట, తిండి పెట్టాలట, ఇంటికి ఉత్తరం రాయనివ్వాలట, యుద్ధం అయిపోయాక పంపెయ్యాలట. జెనీవా అనే ఊళ్ళో దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందమట. ఇదంతా విని, బాగా తలూపి, సరేగానీ జైల్లో కూడు ఎట్టా ఉండేది అని అడుగుతారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

ఇంకోటి కూడా ఉంది. పట్టుబడ్డ సిపాయి తన పేరు, హోదా, నంబరు, పుట్టిన తేదీ చెబితే చాలట, ఇంకేం అడిగినా చెప్పక్కర్లేదట. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఎరువుల కొట్లో ఏమన్నారయ్యా అని నేనడిగితే నోరు విప్పడు. నేనేదో శత్రుసైన్యమైనట్టు చూస్తాడు.

తొంభై తొమ్మిదిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. టీవీలో జెండా కప్పిన పెట్టెలు చూసి ఊరంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బడి హెడ్మాస్టరు సుభానీ గారు మా ఇంటికొచ్చి, ఊళ్ళో సైన్యంలో పనిచేసింది మీరొక్కరే, ఈసారి ఆగస్టు పదిహేనుకి జెండా మీరే ఎగరెయ్యాలన్నారు. మా ఆయన ఆ సాయంత్రం తెల్లచొక్కా తనే ఉతికి గంజి పెట్టుకున్నాడు. అది చూసి నాకు కడుపు నిండిపోయింది.

పంద్రాగస్టుకి ముందురోజు సర్పంచి బుల్లయ్య పంచాయతీ ఆఫీసుకి రమ్మని కబురు చేశాడు. నేనూ వెంట వెళ్ళాను. ఖైదీ చేత జెండా ఎగరేయిస్తే పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతారన్నాడు బుల్లయ్య. మా ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు, జెనీవా, ఒప్పందం, నేరం కాదు. సుభానీ గారు అవునండీ నిజమే అన్నారు. నాకు ఓపిక చచ్చిపోయింది. ఈయన చేసిన నేరమేంటి, ఏ కోర్టు శిక్ష వేసింది, చెప్పండని అరిచాను.

బుల్లయ్య నింపాదిగా అన్నాడు. "నేరం చేశాడని ఎవరన్నారమ్మా? చేతులెత్తి వచ్చాడుగా. కార్గిల్లో మన కుర్రోళ్ళు ఎత్తారా? ప్రాణాలిచ్చారు."

అప్పటికి గానీ నాకు తెలియలేదు. మా ఆయన చెప్పింది వీళ్ళకి ఏనాడో అర్థమైంది. ఇన్నేళ్ళూ ఖైదీ అన్నది తెలియక కాదు, ఆయన బతికొచ్చినందుకు.

మా ఆయన నేల చూస్తూనే చెప్పాడు. "తూటాలు అయిపోయినయ్యండి. దెబ్బలు తగిలినోళ్ళు పక్కనే మూలుగుతున్నారు. చేతులెత్తినోడి మీద కాల్చకూడదని మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. మా సుబేదారు ఎత్తమన్నాడు, ఎత్తాం. వాళ్ళు కాల్చలేదు."

"పాకిస్తానోళ్ళే కాల్చలేదయ్యా," అన్నాను బుల్లయ్యతో. "మీరు ఇన్నేళ్ళ నుంచీ కాలుస్తానే ఉన్నారు."

అయినా జెండా బుల్లయ్యే ఎగరెయ్యాలని తేల్చారు. సుభానీ గారు మా మొహం చూడలేక లేచి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన ఉన్నట్టుండి ఆగాడు. "ఆ రోజు నేను పోయుంటే, బడికి నా పేరు పెట్టేవాళ్ళు కదే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీద చొక్కా పట్టుకున్నాను. బడి నాకు మొగుడవుద్దా అని అడిగాను. ఇంకోసారి ఆ మాటంటే నేనే చంపేస్తానన్నాను. ఆ చొక్కాలోనే మొహం పెట్టుకుని భోరున ఏడ్చాను. చేల నుంచి వచ్చేవాళ్ళు చూస్తున్నారు. చూస్తే చూడనీ.